మందు ఉచితం, నాగా కార్మికుడిదే

2018 మార్చి 13న ఢిల్లీ విజ్ఞాన్ భవన్ వేదిక మీద ప్రధాని నరేంద్ర మోదీ ఒక గడువు ప్రకటించారు. ప్రపంచం 2030 నాటికి అందుకోవాలనుకున్న క్షయ నిర్మూలన లక్ష్యాన్ని భారతదేశం ఐదేళ్లు ముందుగానే, 2025కే అందుకుంటుందని ఆ ప్రకటన సారాంశం. ఆ 2025 వచ్చింది, వెళ్లింది. గడువు పెట్టిన నాటి హోరు గడువు దాటిన నాడు వినిపించలేదు. 2017-25 జాతీయ వ్యూహపత్రంలో రాసుకున్న లెక్క ప్రకారం లక్ష జనాభాకు ఏటా 217గా ఉన్న కొత్త కేసులు 2025 నాటికి 44కు దిగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో 2024 సంవత్సరానికి ఇచ్చిన అంచనా 187. పదేళ్లలో తగ్గుదల 21 శాతం. ప్రపంచ సగటు తగ్గుదల 12 శాతమే కాబట్టి ఇది ఘనవిజయమని కేంద్రం చాటుకుంది. ప్రపంచంతో పోల్చుకోవలసిన రోజున ప్రపంచంతోనూ, తన మాటతో పోల్చుకోవలసిన రోజున కూడా ప్రపంచంతోనే పోల్చుకోవడం పాలకులకు అలవాటైన విద్య. ఏటా దాదాపు 3 లక్షల మంది ఈ దేశంలో నయమయ్యే జబ్బుతో చనిపోతున్నారన్న సంగతి ఆ పోలికలో ఎక్కడా ఇమడదు.

44కూ 187కూ మధ్య ఉన్న ఈ అగాధానికి కారణం అడిగితే అధికారుల వేలు ముందుగా అడవుల వైపు లేస్తుంది. రోడ్డు లేని కొండలు, డోలీ కట్టి రోగిని మోసుకురావలసిన గూడేలు, తెమడ డబ్బా ప్రయోగశాలకు చేరడానికే రోజులు పట్టే దూరాలు. ఆ మాట అబద్ధం కాదు. మన్యంలో క్షయ ఎంత నిర్దయగా ఉంటుందో తెలుగువారికి వేరే చెప్పనక్కర లేదు. అయితే మారుమూల అన్న మాటకు ఆ ఒక్క అర్థమే ఉన్నట్టు మాట్లాడటం ప్రభుత్వాలకు సౌకర్యంగా ఉంది. సూరత్ నగరపాలక సంస్థ పరిధిలో, ఉధనా రైల్వే స్టేషన్‌కు ఆటో దూరంలో ఉన్న పాండేసర కూడా క్షయ విషయంలో మారుమూలే. అక్కడ ఆరోగ్య కేంద్రం ఉంది. ఎక్స్‌రే ఉంది, మందు ఉంది, అన్నీ ఉచితమే. వాటికీ కార్మికుడికీ మధ్య ఉన్నది ఒక రోజు కూలి. ఆ దూరాన్ని దాటించే వాహనం ఇంతవరకూ ఏ పథకంలోనూ లేదు.

పాండేసర అంటే గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఎస్టేటు, దాని రంగుల అద్దకం మిల్లులు, బాయిలర్ల పొగ గొట్టాలు, వాటిని ఆనుకుని గల్లీ గల్లీకీ మరమగ్గాల షెడ్లు. సూరత్ భాషలో ఆ షెడ్డును ఖాతా అంటారు. మగ్గాన్ని సాంచా అంటారు. తెలంగాణ నేతగాళ్ల నోట ఆ మాట సొంత మాటలాగే పలుకుతుంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు భివండీకి, షోలాపూర్‌కు వెళ్లిన దారిలోనే సూరత్‌కూ వెళ్లారు. చేమగ్గం కూడు పెట్టలేని నాడు కొందరు వెళ్లారు. వరంగల్ ఆజంజాహి మిల్లు మూతపడి మిల్లు బతుకూ పోయిన నాడు మరికొందరు ఆ దారి పట్టారు. ఇప్పుడది మూడో తరం నగరం. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతోందంటే ఆ వలస ఎంత పాతదో, ఎంత స్థిరపడినదో ఊహించుకోవచ్చు. పాండేసర గల్లీల్లో ఒడిశా గంజాం జిల్లా వారు, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్ర వారు తెలుగువారి పక్కనే బతుకుతున్నారు. భాషలు వేరైనా షిఫ్టు ఒక్కటే, పన్నెండు గంటలు. కూలి కూడా ఒక్క తీరే, నేసిన మీటరు లెక్కన. మగ్గం ఆగితే మీటరు ఆగుతుంది, మీటరు ఆగితే పగారు ఆగుతుంది.

ఒంటరిగా వచ్చిన కార్మికుల గదుల్లో పగటి షిఫ్టు వాడు లేచిన పక్క మీదనే రాత్రి షిఫ్టు వాడు ఒరుగుతాడు. ఆ గది ఖాళీగా ఉండే గంట ఉండదు, గాలి మారే గంటా ఉండదు. క్షయ క్రిమి గాలిలో తేలుతుంది. మూసిన గదిలో గంటల తరబడి నిలుస్తుంది. తిండి చాలని ఒంటిని వెతుక్కుంటుంది. కుటుంబాలతో ఉన్న తెలుగిళ్ల పరిస్థితి కాస్త మెరుగు అనుకోవడానికీ లేదు. ఒకే గదిలో పొయ్యి, పిల్లలు, చీరలకు రాళ్లు అతికించే ఆడవాళ్ల పని, రాత్రి షిఫ్టు దిగి పగలు పడుకునే మనిషి, అతని దగ్గు.

గుజరాత్ ప్రభుత్వం ముందు ఈ మాట ఎత్తితే ఒక గణాంకం ఎదురొస్తుంది. 2019-21 జాతీయ క్షయ సర్వేలో అన్ని రకాల క్షయ కలిపి రాష్ట్రాలన్నిటిలోకీ తక్కువ ఉన్నది గుజరాత్‌లోనే, లక్షకు 137. దేశ సగటు 312. సంతోషించవలసిందే. కానీ రాష్ట్ర సగటుకు పాండేసర గల్లీలోని గాలి ఎలా ఉంటుందో తెలియదు. సౌరాష్ట్ర రైతు ఇంటినీ, పన్నెండు మంది పడుకునే గదినీ కూడి భాగిస్తే వచ్చే అంకె ఆ రెండింటిలో దేని గురించీ నిజం చెప్పదు.

అదే సర్వేలో ఇంతకన్నా పనికొచ్చే మాట ఒకటి ఉంది. క్షయ లక్షణాలు ఉన్నవారిలో 64 శాతం మంది అసలు వైద్యం కోసమే వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని అడిగితే 68 శాతం మంది లక్షణాలను పట్టించుకోలేదన్న గడిలో పడ్డారు. ఖర్చు భరించలేక వెళ్లలేదన్నవారు 2 శాతమే. ఈ అంకెలు చూసి అవగాహన లోపమే అసలు జబ్బని తేల్చేసే పండితులకు కొదవ లేదు. గోడల మీద బొమ్మలు, ఆటోల మీద మైకులు, వీధి నాటకాలు అన్నీ ఆ తీర్పు నుంచి పుట్టినవే. పట్టించుకోకపోవడం అన్న మాటను మరమగ్గం కార్మికుడి జీవితంలో పెట్టి చదివితే దాని రూపు మారుతుంది. దగ్గుకు నాగా పెట్టిన మనిషి సాంచాలు మరునాటికి మరొకడి చేతికి పోతాయి. దగ్గును పట్టించుకునే స్తోమత లేనివాడు దాన్ని పట్టించుకోడు. సర్వే ఫారంలో ఆ స్తోమతకు గడి లేదు.

వైద్యం దారిని ఆ కార్మికుడి అడుగులతో లెక్క పెట్టుకుంటే సంగతి తేటపడుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రాల జ్వరం, తగ్గుతున్న బరువు. మొదట వెళ్లేది గల్లీ చివరి డాక్టరు దగ్గరికి. అతను షిఫ్టు దిగే వేళకు తలుపు తీసి ఉంచుతాడు. సూది వేస్తాడు, సీసా ఇస్తాడు, మరునాడు పనికి పంపిస్తాడు. అతని చదువు మీద అనుమానాలు ఉండవచ్చు, అతని సమయపాలన మాత్రం ప్రభుత్వానికన్నా మేలు. కొన్ని రకాల యాంటీబయాటిక్స్ క్షయను నయం చేయకుండా కొన్నాళ్లు అణచి ఉంచుతాయి. అలా నెలలు గడుస్తాయి. చివరికి ప్రభుత్వ కేంద్రానికి చేరితే ఎక్స్‌రే ఒక పూట, తెమడ ఇవ్వడం ఒక పూట, ఫలితం తెలుసుకోవడం ఒక పూట, మందు మొదలు పెట్టడం ఇంకొక పూట. సీబీనాట్ యంత్రం ఫలితం చెప్పడానికి రెండు గంటలు చాలు. ఆ రెండు గంటల పరీక్ష కోసం కార్మికుడు మూడు నాలుగు నాగాలు చెల్లిస్తాడు. యంత్రం వేగాన్ని గురించి మంత్రులు ఉపన్యాసాలిస్తారు. కేంద్రం తలుపు ఏ వేళకు తెరుస్తారో, రాత్రి షిఫ్టు మనిషికి అది నిద్ర వేళ అవునో కాదో ఏ ఉపన్యాసంలోనూ ఉండదు.

ఆ తర్వాత ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, మిగిలిన నాలుగు నెలలు మూడు. రెండు మూడు వారాల్లోనే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది. ప్రమాదమంతా అక్కడే. ఒంట్లో సత్తువ వచ్చిన మనిషిని అప్పు పిలుస్తుంది, మగ్గం పిలుస్తుంది. మాత్రలు కడుపులో తిప్పుతుంటే పన్నెండు గంటల షిఫ్టు నిలబడటం సాధ్యం కాదు కనుక మానవలసినది షిఫ్టా మాత్రలా అన్న ప్రశ్న వస్తుంది. మాత్రలు మానిన వాడిని రికార్డులో చికిత్స మధ్యలో వదిలేసిన రోగి అంటారు. ఆ మాటలో నేరమంతా అతనిదే అన్న ధ్వని ఉంది. మధ్యలో ఆగిన చికిత్స నుంచే మందులకు లొంగని క్షయ పుడుతుంది. దానికి వాడే మందులు మరింత కఠినం. 2024 మార్చిలో మందుల సరఫరా తడబడినప్పుడు రాష్ట్రాలే మూడు నెలలకు సరిపడా స్థానికంగా కొనుక్కోవాలని కేంద్రం లేఖ రాసింది. ఆరు నెలలు ఒక్క రోజూ తప్పకూడదని గోడల మీద రాసిన ప్రభుత్వం అది. ఆ తప్పిన రోజులకు ఎవరి పేరూ రికార్డులోకి ఎక్కలేదు.

రోగికి సాయం లేదా అంటే, ఉంది. నిక్షయ్ పోషణ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. పెంచినందుకు మెచ్చుకోవలసిందే. రోజుకు 33 రూపాయలు. ఆ ఖాతా ఎక్కడిది, దానికి ముడిపడిన ఫోను నంబరు ఇంకా పనిచేస్తోందా, ఆధార్‌లోని చిరునామా ఏ ఊరిది అన్న చిక్కులు దాటుకుని వచ్చాకే ఆ 33 రూపాయలు. తిండికి ఉన్న బలం తెలియని కాలం కూడా కాదిది. ఝార్ఖండ్‌లో అనురాగ్ భార్గవ, మాధవి భార్గవల బృందం జరిపిన రేషన్స్ అధ్యయనం ఫలితాలు 2023 ఆగస్టులో వెలువడ్డాయి. రోగి ఇంటివారికి నెల నెలా బియ్యం, పప్పు అదనంగా ఇస్తే వారిలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు గణనీయంగా తగ్గాయి. ఏ కొత్త టీకా కోసమో ఎదురుచూస్తున్న దేశంలో బియ్యం, పప్పు ఇంత పని చేశాయి.

తెలుగునేలకు ఇది కొత్త జ్ఞానం కాదు. మందులు పుట్టక ముందు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో క్షయకు వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి. 1950ల చివర మద్రాసులో జరిగిన ప్రఖ్యాత అధ్యయనం శానిటోరియం అక్కరలేదని, పేద ఇంట్లో ఉండి మందులు మింగినా జబ్బు అంతే బాగా నయమవుతుందని నిరూపించింది. ప్రపంచమంతా ఆ దారి పట్టింది, లక్షల ప్రాణాలు నిలిచాయి. పాలకులు మాత్రం అందులోంచి తమకు కావలసిన ముక్క ఒక్కటే ఏరుకున్నారు. రోగి ఆసుపత్రిలో ఉండనక్కర లేదన్న శాస్త్ర నిర్ణయాన్ని రోగి పనిలోనే ఉండవచ్చన్న ఆర్థిక నిర్ణయంగా మార్చేశారు. మద్రాసు అధ్యయనం ఇల్లు చాలన్నది. ఖాతాలో పన్నెండు గంటలు నిలబడమని అనలేదు.

ఇక అసలు మాట. క్షయ సోకిన కార్మికుడికి సెలవు, కూలి రెండూ ఇవ్వాలన్న ఆలోచన ఈ దేశానికి తట్టనిది కాదు. 1948 నాటి ఈఎస్ఐ చట్టమే అందుకు తోవ వేసింది. అర్హత ఉన్న కార్మికుడికి జబ్బు చేస్తే మొదటి 91 రోజులు కూలిలో 70 శాతం చెల్లించాలి. క్షయ లాంటి దీర్ఘవ్యాధి అయితే ఆ తర్వాత 80 శాతం, రెండేళ్ల దాకా. జబ్బు సెలవులో ఉన్నవాడిని పని నుంచి తీసేయకూడదని ఆ చట్టంలోని 73వ సెక్షన్ చెబుతుంది. నెలకు 15,000 రూపాయల కూలి అనుకుంటే యజమాని కట్టవలసింది 3.25 శాతం, అంటే 487 రూపాయల 50 పైసలు. కార్మికుడి వాటా 112 రూపాయల 50 పైసలు. అతనికి క్షయ వస్తే రోజుకు 350 రూపాయలు, తర్వాత 400 రూపాయలు వస్తాయి. పోషణ యోజన ఇచ్చే 33 రూపాయల పక్కన ఈ 350ని పెట్టి చూడండి. మొదటిది ప్రభుత్వం దయ తలచి ఇచ్చేది, రెండోది కార్మికుడి హక్కు. ఊరూరా ఫ్లెక్సీలు కట్టేది మాత్రం మొదటిదానికే.

సూరత్ మరమగ్గాల కార్మికుల్లో అధిక భాగానికి ఈ హక్కు అందదు. పది మంది కార్మికులు ఉన్న చోటే చట్టం వర్తిస్తుంది. అందుకని ఒకే కప్పు కింద, ఒకే గేటు వెనుక ఉన్న సాంచాలను శేట్లు కాగితం మీద ముక్కలు చేస్తారు. ఒక వరస భార్య పేరున, ఒకటి తమ్ముడి పేరున, ఒకటి పుట్టబోయే మనవడి పేరున అయినా ఆశ్చర్యం లేదు. ప్రతి ముక్కలోనూ పదికి తక్కువ మంది. కార్మికుడి చేతికి నియామక పత్రం ఉండదు, హాజరు ఉన్నది శేటు నోటుపుస్తకంలో. ఈ సంగతి తెలియని కార్మిక శాఖ అధికారి సూరత్‌లో ఉన్నాడంటే అతన్ని తెలియనివాడనడం కన్నా తెలుసుకోనివాడనడం సమంజసం. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోకి ఈ చట్టాన్ని కలిపేశారు. కార్మికులకు నవయుగమని ప్రచారం చేశారు. పది మంది గీత మాత్రం చెక్కుచెదరలేదు. ఆ గీత ఉన్నంతకాలం తొమ్మిది మంది ఖాతాలు పుడుతూనే ఉంటాయి.

యజమానుల వాదన కూడా వినాలి. కార్మికులే కోత వద్దంటారు, చేతికి నగదు కావాలంటారు, ఏడాదికి మూడు ఖాతాలు మారతారు, పండగకు ఊరెళ్లి తిరిగి రారు. ఇందులో నిజం ఉంది. చెల్లించిన వాటాకు ఏం వస్తుందో ఎన్నడూ చూడని మనిషి ఆ 112 రూపాయలను కూడా చేతికే అడుగుతాడు. ఈఎస్ఐ డిస్పెన్సరీ పగటిపూట వరసలు, చందా రికార్డులో పేరు తప్పులు చూసినవాడికి నమ్మకం ఎలా కలుగుతుంది? కానీ కార్మికుడి ఇష్టాయిష్టాల మీద ఇంత గౌరవం ఉన్న శేట్లు పన్నెండు గంటల షిఫ్టు విషయంలో ఆ ఇష్టాన్ని ఎన్నడైనా అడిగారా? ఖాతాలు మారే మనిషికి చందా రికార్డు వెంట వస్తుంది కదా, పేరు నమోదైతే. నమోదు చేయనివాడే నిలకడ లేదని ఫిర్యాదు చేయడం వింత.

రోగితో గాలి పంచుకునే వారి సంగతి మరొకటి. 2021 మార్గదర్శకాల ప్రకారం క్షయ రోగి ఇంటివారందరినీ పరీక్షించి, జబ్బు లేదని తేలినవారికి ముందుజాగ్రత్త మందు ఇవ్వాలి. ఇంటివారంటే రక్తసంబంధీకులే కాదు, ఒకే కప్పు కింద రాత్రులు గడిపేవారు కూడా అన్నది అంతర్జాతీయ నిర్వచనం. దాని ప్రకారం పాండేసర గదిలోని వారంతా ఒక ఇల్లే. కానీ రోగి తన గది సంగతి చెబితే గది పోతుంది, ఖాతా సంగతి చెబితే పని పోతుంది. పేరు బయటపడితే బతుకు పోయే చోట పన్నెండు మంది పేర్లు ఎవరు చెబుతారు? చెప్పినందుకు నష్టం లేదన్న హామీని ఆరోగ్య కార్యకర్త ఒక్కతే ఇవ్వలేదు. దాన్ని ఇవ్వవలసింది కార్మిక శాఖ, దాన్ని రాసివ్వవలసింది యజమాని.

ఇదంతా సూరత్‌కు చేతకాని పని అనడానికి చరిత్ర ఒప్పుకోదు. 1994 సెప్టెంబరులో ప్లేగు సోకిందన్న వార్తతో లక్షల మంది ఆ నగరం విడిచి పారిపోయారు. దేశం మొత్తం మీద మరణాలు అరవైకి మించలేదు. మరుసటి ఏడాది నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు ఆ మురికి కూపాన్ని దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా నిలబెట్టారు. అధికారులు రోజూ వీధుల్లోకి వచ్చారు, పెద్దవాళ్ల అక్రమ కట్టడాలూ కూలాయి. ప్లేగుకు అంత కదిలిన వ్యవస్థ క్షయకు ఎందుకు కదలదు? ప్లేగు మిల్లులను మూయించింది, ఎగుమతులను ఆపింది, శేట్ల ఇళ్ల గడపల దాకా వచ్చింది. క్షయ మిల్లును ఆపదు, కార్మికుడిని ఒక్కొక్కడినీ ఆపుతుంది. ఆగినవాడి చోటు నింపడానికి ఇంకో రైలు వస్తుంది. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో తమను ఊళ్లకు పంపమని పాండేసర వలస కార్మికులు వీధికెక్కినప్పుడు ఈ నగరం స్పందించిన తీరు కూడా గుర్తుంచుకోవాలి. బాష్పవాయువు ప్రయోగించి, 90 మందికి పైగా అరెస్టు చేశారు. ఆ రాత్రి వారి చిరునామాలు దొరకడం పోలీసులకు కష్టం కాలేదు.

హైదరాబాద్‌కు కూడా ఇందులో వాటా ఉంది. 2017 అక్టోబరులో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు సూరత్, భివండీ, షోలాపూర్ వెళ్లిన నేతన్నలను వెనక్కి రప్పిస్తామని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు చెప్పారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. సూరత్ రైళ్లు ఖాళీగా పోవడం లేదు. వెనక్కి రప్పించడం చేతకాకపోతే పోనీ, వెనక్కి వస్తున్నవారినైనా గుర్తించవలసింది. ముదిరిన జబ్బుతో సూరత్ నుంచి ఊరికి చేరే నేతగాడు నిక్షయ్ పోర్టల్‌లో ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు మారిన నంబరు మాత్రమే. అతను చేరాడో లేదో, చేరిన మరునాడు మాత్రలు అందాయో లేదో రెండు రాష్ట్రాల క్షయ అధికారులు ఫోనులో మాట్లాడుకుంటే తెలిసే విషయం. గుజరాత్‌తో అలాంటి ఏర్పాటు కోసం తెలంగాణ ఒక అధికారిని సూరత్‌లో కూర్చోబెట్టినా ఖజానా కూలిపోదు. తెలుగు చదివే పిల్లలకు బడి నడిపే నగరంలో తెలుగు మాట్లాడే రోగికి తన జబ్బు సంగతి తన భాషలో చెప్పే మనిషిని నియమించమని ఆ నగరపాలక సంస్థను అడిగినా తప్పు కాదు.

గుజరాత్ చేయవలసింది మాత్రం ఇంతకన్నా సూటిగా ఉంది. ఒకే విద్యుత్ లైను, ఒకే గేటు ఉన్న సాంచాలను ఒకే సంస్థగా లెక్కించాలి. ముక్కల కాగితాలు పక్కన పెట్టి కార్మికుల తలలు లెక్క పెట్టాలి. ఈఎస్ఐలో నమోదు కాని కార్మికుడికి క్షయ అని తేలిన రోజున ఆ ఆరు నెలల కూలి శేటు దగ్గర వసూలు చేసి రోగి చేతికి ఇవ్వాలి. ఇందుకు కొత్త శాస్త్రం అక్కరలేదు, కొత్త యంత్రం అక్కరలేదు. సాంచాల లెక్క విద్యుత్ బిల్లుల్లోనే ఉంది. ఆ బిల్లుల నకళ్లు కార్మిక శాఖ ఎన్నడు తెప్పించుకుంటుందన్నది ఆ రాష్ట్ర ప్రభుత్వం చెప్పాలి.